ఈల వేసే తలుపు

మా లోరీన్ అక్క మొగుడు ఆర్విన్ టలిస్ ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూసింది రెండేసార్లు. మొదటిసారి మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు. రెండోసారి మొన్న జూన్‌లో, నా రంగుల షెడ్డులో, బోర్లించిన బకెట్ మీద. ఆ బకెట్ సంగతి చెబుదామనే మొదలుపెట్టాను. కానీ ముందు ఆయన గురించీ ఆయన కారు గురించీ చెప్పకపోతే అందులో వింతేముందో మీకు తెలీదు.

మాది మిషిగన్‌లో కెల్డన్ అనే ఊరు. ఊరికంతా ఒకటే కార్ల కార్ఖానా ఉండేది. ఇప్పుడక్కడ గడ్డి పెరుగుతోంది. ఆర్విన్ బావ ఇక్కడివాడు కాదు, మిజోరీ దక్షిణాన పత్తిచేల మధ్య పుట్టినవాడు. పద్దెనిమిదేళ్లకి బస్సెక్కి వచ్చి, వచ్చిన వారానికల్లా కార్ఖానాలో తలుపులు బిగించే పనిలో చేరాడు. ఆయనతో అదే బస్సు దిగినవాడు క్లెల్ రష్టన్. ఇద్దరిదీ ఒకే వీధి. ఇక్కడా ఒకే గదిలో అద్దెకున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే మంచి చొక్కా ఉండేది, డాన్సులకి వంతులేసుకుని తొడుక్కెళ్లేవాళ్లు. బావ వంతు వచ్చిన రాత్రే మా అక్క ఆయనకి నచ్చింది. తన వంతయ్యుంటే లోరీన్ తన పెళ్లామయ్యేదని క్లెల్ చాలాకాలం ఏడిపించాడు.

బావ పని రంగు వెయ్యకముందు. వట్టి ఇనప బాడీ వరసలో కదిలి వస్తుంటే, దాంతోపాటు నడుస్తూ తలుపు ఎత్తి, కీళ్లకి బోల్టులు బిగించి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో వేలితో చూసుకోవాలి. బావకి కొలబద్ద అక్కర్లేదనీ, వేలు పెడితే చాలనీ చెప్పుకునేవాళ్లు. క్లెల్ పని రంగు వేశాక. తలుపు లోపల తాళం, అద్దం పెట్టి, పైన అట్ట మూసేవాడు.

కార్ఖానాలో ఒక అలవాటుండేది. పనివాడు ఎవడైనా తనకోసం కారు రాయించుకుంటే, అది వరసలో ఏ రోజు వస్తుందో అందరికీ తెలిసిపోయేది. తోటివాళ్లు ఆ బండికి ఇంకాస్త శ్రద్ధ పెట్టేవాళ్లు. దాంతోపాటు ఎవడో ఒకడు ఆకతాయి పనీ చేసేవాడు. తలుపు లోపల తాడుకట్టి సీసా వేలాడదీసేవాడు, సీటు కింద చేపముక్క పెట్టేవాడు. చేసినవాడు శుక్రవారం సాయంత్రం యూనియన్ హాల్లో, చేపల వేపుడు దగ్గర, అందరి ముందూ ఒప్పుకోవాలి. శనివారం వెళ్లి బాగుచేసి ఇవ్వాలి. అది మాత్రం ఎవడూ తప్పేవాడు కాదు.

పంతొమ్మిదివందల డెబ్బైలో, మే నెలలో, బావ కారు వచ్చింది. ముదురాకుపచ్చ రంగు, రెండు తలుపులు, బానెట్ మీద రెండు నల్ల చారలు, అప్పట్లో దొరికే అన్నిటికన్నా పెద్ద ఇంజను. మజిల్ కారు అనేవాళ్లు. పక్కనుంచి చూస్తే సంసారి, బానెట్ ఎత్తితే పహిల్వాను. బుధవారం సాయంత్రం ముందు సీట్లో అక్కనీ, వెనక పదమూడేళ్ల నన్నూ ఎక్కించుకుని సరస్సు రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. నేను వెనక్కి ఒరిగిపోయి కేకలేస్తున్నాను. వేగం గంటకి యాభై మైళ్లు దాటేసరికి అక్క పక్క తలుపులోంచి సన్నగా ఈల మొదలైంది.

బావ కారాపి దిగాడు. తలుపు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. పైన సందులో వేలు పెట్టాడు, కింద పెట్టాడు. పైన గోరు మందం ఎక్కువుంది.

"నా బండికి," అన్నాడు. "నా చేత్తో."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ దగ్గరికెళ్లి, తలుపుల పని తనకొద్దన్నాడు. మేస్త్రీ నవ్వి పొమ్మన్నాడట. బావ పోలేదు. సొంత కారుకే సరిగ్గా బిగించలేనివాణ్ణి ఊళ్లోవాళ్ల కార్లకేం బిగిస్తానని అక్కడే నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆయన్ని స్పేరు టైర్లు పెట్టే చోటికి మార్చారు. ఆ తర్వాత రిటైరయ్యేలోపు పదకొండు పనులు మారాడు. బ్రేకు గొట్టాలు, అద్దాలు, ఫోర్క్‌లిఫ్టు, ఆఖరికి చీపురు. ఎక్కడా రెండేళ్లు నిండా నిలవలేదు. ఆ శరదృతువులోనే కార్ఖానాలో పెద్ద సమ్మె జరిగింది. సమ్మె రోజుల్లో క్లెల్ మిజోరీ వెళ్లి, ఇక తిరిగి రాలేదు. అప్పట్నుంచీ క్రిస్మస్‌కి ఒక కార్డు మాత్రం వచ్చేది.

బావ కాలు నిలవదని ఊరంతా నవ్వుతారు. పేకాట కూడా నడుస్తూనే ఆడతాడు. ముక్క వెయ్యాలంటే బల్ల దగ్గరికొచ్చి వేసి మళ్లీ కిటికీ దగ్గరికెళ్తాడు. భోజనం మధ్యలో రెండుసార్లు గరాజికెళ్లి కారు మీద గుడ్డ సర్దొస్తాడు. సొంత పెళ్లినాడు కూడా, పాస్టరు ప్రార్థన చేస్తుంటే కళ్లు తెరిచి చూశాను. బావ బయట కారు దగ్గరున్నాడు.

ఆ కారుని చలికాలంలో ఎప్పుడూ బయటికి తియ్యలేదు, మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దానికి ఇనుము తుప్పు పడుతుందని. ఎండాకాలం నెలకి రెండుసార్లు తీసేవాడు. అక్క పాత వార్తాపత్రిక మడిచి తలుపు సందులో కుక్కి, మెడకి రుమాలు చుట్టుకుని కూర్చునేది. ఇన్నేళ్లూ ఆ గాలికి తనకి మెడ పట్టేస్తూనే ఉంది. నేను రంగుల పనిలోకి వచ్చి షెడ్డు పెట్టుకున్నాక ఎన్నోసార్లు అడిగాను.

"బావా, ఊళ్లో నీ అంత తలుపులవాడు లేడన్నారు. మూడు బోల్టులు వదులుచేసి జరిపితే పోయేదిగా?"

"తప్పు బిగించిన చేతితోనేగా మళ్లీ బిగించాలి," అనేవాడు. ఇంకొకణ్ణి ముట్టుకోనిచ్చేవాడూ కాదు. ఆ కీళ్ల వైపు చూడ్డమే మానేశాడు.

ఏటా ఆగస్టులో ఇటుకరాళ్ల వీధిలో కార్ల తిరునాళ్ల జరుగుతుంది. బావ కారు చుట్టూ చేరి జనం రెండు జట్లయ్యేవాళ్లు. రంగు చూడు ఎండిన చెరువులా ఎలా పగిలిందో, గీకించి కొత్తగా చేయించమని ఒక జట్టు. కార్ఖానాలో వేసిన రంగుతో ఇలాంటిది ఇంకొకటి దొరకదు, గుడ్డతో తుడిచేటప్పుడు కూడా ఆలోచించుకోమని ఇంకో జట్టు. బావ ఇద్దరి మాటకీ తలూపేవాడు. ఇంటికొచ్చాక అక్కని కాల్చుకు తినేవాడు.

ఈ ఏడు ఆ నాన్చుడికి గడువు పడింది. నా భుజాలు పోయాయి. చెయ్యి తలపైకి లేవడం లేదు. జూలై ఆఖరుకి షెడ్డు మూసేద్దామని నిర్ణయించుకున్నాను. అదే మాట ఒక ఆదివారం అక్క వంటింట్లో చెప్పాను. బల్ల మీద చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె ఉన్నాయి.

"బావా, చేయిస్తే ఇప్పుడే. పన్నెండో తారీకు సోమవారం షెడ్డు నీకే పెట్టాను. నా చేతిమీదుగా అదే ఆఖరి బండి."

"చేయించేద్దాం," అన్నాడు, రొట్టె నోట్లో పెట్టుకుని లేచి.

"ఎక్కడికి?" అంది అక్క.

"గరాజికి."

"ఇప్పుడేగా వెళ్లొచ్చావు. నువ్వెళ్లి చూడకపోతే అదేమన్నా గుడ్డు పెడుతుందా?"

వెళ్లాడు, వచ్చాడు. "వద్దులే నెట్టీ. ఉన్నది ఉన్నట్టే ఉంచుదాం," అన్నాడు.

"ఉన్నట్టే అంటే నా మెడ కూడానా?" అంది అక్క. "నెట్టీ, నువ్వే చెప్పవే. ఆ కారు గజ్జికుక్కలా ఉంది. వెనక చక్రం పైన తుప్పు పొంగింది. నా చెవిలో ఆ ఈల. దేవుడి దగ్గరికెళ్లాక కూడా నాకు అదే వినపడుతుంది."

"గీకితే తలుపు కూడా విప్పి సరిగ్గా బిగిస్తాం అక్కా. అంతా కొత్తదవుతుంది."

"విన్నావా?"

బావ కిటికీలోంచి గరాజి వైపు చూస్తున్నాడు. "అంతా కొత్తదైతే," అన్నాడు మెల్లగా, "నేను బిగించింది ఇక ఎక్కడా ఉండదు."

"ఉండకపోతే మంచిదేగా! ఆ తలుపేగా నిన్నిలా తిప్పుతోంది?"

బావ మళ్లీ గరాజికెళ్లాడు. ఆ వారంలో నాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు సరే, రెండుసార్లు వద్దు. ఐదోసారి అక్క చేసింది. "అడక్కు. బండి పంపిస్తున్నాను, అంతే," అంది.

నిజం చెప్పాలి. నాకూ ఆ పని కావాలి. నలభై ఏళ్లు గుద్దుకున్న కార్లకీ, జింకలకి తగిలిన వ్యాన్లకీ రంగులేశాను. అలాంటి బండి ఒక్కటీ నా షెడ్డుకి రాలేదు. ఆ ముదురాకుపచ్చ ఎన్ని పూతలు వెయ్యాలో, ఏ వెలుతురులో ఆరబెట్టాలో రాత్రులు పడుకుని లెక్కలేసుకున్నాను.

సోమవారం పొద్దున్న ఏడింటికి కారొచ్చింది. బావ దిగి షెడ్డు చుట్టూ ఒకటే తిరగడం. నేను అక్క పక్క తలుపు తెరిచి, లోపలి అట్ట విప్పడానికి కూర్చున్నాను. ముందు కీళ్లు తుడుద్దామని ద్రావకంలో గుడ్డ ముంచి రుద్దాను. పై కీలు చుట్టూ దట్టంగా నల్లటి జిగురు పూసి ఉంది. ఎండి రాయైపోయింది. అలాంటి జిగురు అక్కడ ఎవరూ పూయరు. కింది కీలుకి లేదు.

"బావా, ఇక్కడ జిగురు నువ్వు పూశావా?"

"ఎక్కడ? నేనా? లేదు." ఆయన దగ్గరికి రాలేదు.

ఇంకాస్త రుద్దాను. జిగురు ఊడొచ్చింది. దాని కింద ఉన్నది చూసి నా చెయ్యి ఆగిపోయింది. నేను పెద్దగా చదువుకోలేదు కానీ రంగు చెప్పేది మాత్రం చదవగలను. కీలు బిగించాక బాడీకి రంగు వేస్తారని చెప్పానుగా. అప్పుడు బోల్టు తల మీదా, చుట్టూ ఇనుము మీదా రంగు ఒకే పొరగా పరుచుకోవాలి. కింది కీలుకి అలాగే ఉంది. పై కీలు బోల్టుల చుట్టూ మాత్రం రంగు తెగి ఉంది. కీలు పక్కన గోరు మందం చారలో రంగే పడలేదు. అంటే రంగు వేసేటప్పుడు కీలు ఆ చోటుని కప్పి ఉంది. తర్వాత ఎవరో జరిపారు.

"బావా, ఇలా రా."

"చెప్పు, వినపడుతోంది."

"చెప్పేది కాదు, చూసేది. వచ్చి చూడు."

వచ్చి వంగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వేలితో ఆ చార తడిమాడు. నేను టార్చిలైటు దగ్గరగా పట్టుకున్నాను.

"నువ్వు బిగించింది ఇక్కడ," అన్నాను. "ఈ చారతో పాటు లెక్కేస్తే సందు పైనా కిందా సమానం. రంగు తర్వాతే ఎవడో ముట్టుకున్నాడు."

బావ నా పక్కనున్న స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. తలుపు లోపలి అట్ట స్క్రూలు ఆయనే విప్పాడు, ఒక్కటి కింద పడకుండా. అట్ట వెనక నీళ్లు రాకుండా అంటించే మైనం కాగితం ఉంటుంది. దాన్ని మెల్లగా ఒలిచాడు. వెనక ఇనుము మీద పసుపుపచ్చ మైనపు బలపంతో పెద్దపెద్ద అక్షరాలు:

"టలిస్, శుక్రవారం దాకా ఈల విను. ఆ చొక్కా ఆ రాత్రి నా వంతు. - క్లెల్."

నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను. బావ జేబులోంచి ఫోన్ తీశాడు. నా చేతికిచ్చాడు. అందులో ఉన్న క్లెల్ నంబరు నేనే కలిపి, మాట బయటికి వినపడేలా పెట్టాను.

"ఎవరూ?" అంది ముసలి గొంతు.

"నేను. ఆర్విన్."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. తలుపు విప్పాం."

ఏ తలుపని క్లెల్ అడగలేదు. అవతల కుక్క మొరుగుతోంది, దాన్ని కసిరాడు. కుర్చీ లాగిన చప్పుడైంది.

"శుక్రవారం చెబుదామనే అనుకున్నానురా," అన్నాడు. "గురువారం పొద్దున్నే నువ్వు మేస్త్రీ ముందు టోపీ తీసి నిలబడ్డావు. శుక్రవారం హాలుకే రాలేదు. తర్వాత వారం చెబితే, నా మూలంగా పని పోగొట్టుకున్నావని నన్ను చంపేస్తావనిపించింది."

"చంపేవాణ్ణి కాదు. ముక్కు పగలగొట్టేవాణ్ణి, అంతే."

"అంతేనని తెలిస్తే చెప్పేసేవాణ్ణి. ముక్కుదేముంది."

"యాభైమూడేళ్లురా క్లెల్."

"ప్రతి క్రిస్మస్‌కీ కార్డులో రాద్దామనే కూర్చునేవాణ్ణి. చోటు సరిపోయేది కాదు."

"మరి అంత చిన్న కార్డులెందుకు కొన్నావురా పిసినారి వెధవా!"

అటు క్లెల్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. "నీ బిగింపు ఎలా ఉందో చూశావా?" అన్నాడు. "నేను జరిపేటప్పుడు చూశాను. వెంట్రుక తేడా లేదు. చెడగొట్టడానికి నాకు మనసొప్పలేదు. అయినా చెడగొట్టాను."

బావ ఫోన్ కట్టేశాడు. వీడ్కోలు కూడా చెప్పలేదు. మూలనున్న బకెట్ బోర్లించి కూర్చున్నాడు. నేను చెప్పిన రెండోసారి ఇదే. కాలు కదపలేదు, చెయ్యి కదపలేదు. గోడ గడియారంలో పెద్దముల్లు పావు చుట్టు తిరిగింది. నాకు భయమేసి అక్కకి ఫోన్ చేద్దామా అనుకున్నాను.

అప్పుడు ఆయనే అన్నాడు, "సరే, గీకెయ్. మొదలుపెట్టు. అంతా కొత్తదే చేద్దాం. ఇక నాకేం బాధ లేదు."

గీకే మిషను నా చేతిలోనే ఉంది. కొత్త ఉప్పుకాగితం కూడా పెట్టి ఉంచాను. నోరు మూసుకుని మీట నొక్కితే నా ఆఖరి బండి నాకు దక్కేది. ఓ క్షణం అలాగే నిలబడ్డాను. అది ఒప్పుకోవాలి.

"బావా, గీకితే ఆ చార పోతుంది," అన్నాను. "నువ్వు సరిగ్గా బిగించావని చెప్పేది అదొక్కటే. ఆ బలపం రాత కూడా పోతుంది. ఇంత తుప్పున్న బండికి రంగు వేస్తే అన్నీ పోతాయి, కావాలంటే ఇది మాత్రం ఉంచమంటే కుదరదు."

ఆయన లేచాడు. కారు చుట్టూ ఒక చుట్టు, షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. తలుపు దగ్గర వంగి చూశాడు, మళ్లీ తిరిగాడు. పెయింటు డబ్బాల దగ్గర ఆగి, నేను కలిపి పెట్టుకున్న ముదురాకుపచ్చ మూత తీసి చూశాడు.

"మంచి రంగు కలిపావే," అన్నాడు.

"తెలుసు."

"మూసెయ్ నెట్టీ. ఆరిపోతుంది."

మూత మూశాను. కళ్లు మండాయి, ద్రావకం వల్లనే అనుకోండి.

"మరి ఈల?" అన్నాను. "అక్క నన్ను బతకనిస్తుందా?"

"పదమూడో నంబరు పానా ఉందా?"

"మన బండికి అంగుళాల పానా కావాలి బావా. తలుపుల పని మానేసి చాలా ఏళ్లయింది నీకు."

"అయితే అదే ఇవ్వు, మాటలాపి!"

నేను తలుపు కింద జాకీ పెట్టి ఎత్తి పట్టుకున్నాను. ఆయన పై కీలు బోల్టులు వదులుచేశాడు. తిరునాళ్లలో జడ్జీలు చూస్తే బోల్టులు కదిలాయని మార్కులు కోస్తారన్నాను. "వాళ్లని క్లెల్‌ని కొయ్యమను," అన్నాడు. కీలుని రంగు లేని చారమీదికి జరిపాడు. సరిగ్గా కూర్చుంది. రెండు చేతులతో పానా పట్టుకుని బిగించాడు. చుట్టూ వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు, పైన, పక్కన, కింద. తలుపు వేశాడు. ఒక్క చప్పుడు, టక్‌మని. ఇన్నేళ్లలో ఆ తలుపు అలా పడడం నేను వినలేదు.

బలపం రాత మీద కొత్త మైనం కాగితం అంటించి అట్ట బిగించాం. వెనక చక్రం పైన తుప్పు మాత్రం నేను చేత్తోనే రుద్ది, నూనె పట్టించాను, ఇక పాకకుండా. నా ఆఖరి బండికి నేను చేసింది అంతే, అరచెయ్యంత మేర. జూలై ఆఖరుకి షెడ్డు మూశాను. ఆకుపచ్చ డబ్బా ఇప్పటికీ మూలనుంది.

తలుపు బిగించిన మర్నాడు తెల్లారకముందే బావ అక్కని లేపాడట, మిజోరీ వెళ్దామని. ఆ కారు ఎప్పుడూ జిల్లా దాటలేదు. అక్క తిట్టింది, రొట్టెలు కట్టింది, మెడకి రుమాలు చుట్టుకుంది, వార్తాపత్రిక మడిచి చంకలో పెట్టుకుంది. తలుపు సందులో కుక్కబోతే పట్టలేదట.

ఆ మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. ఇండియానాలో ఏదో పెట్రోలు బంకు. బావ గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఏమైంది బావా? బండాగిందా?"

"మీ అక్క నిద్రపోయింది."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆ కార్లో తను ఎప్పుడూ కన్ను మూయలేదు.

"నువ్వెక్కడున్నావు?"

"బయటే. కారు చుట్టూ తిరుగుతున్నా. తలుపు తీస్తే లేస్తుందేమోనని."

"ఎంతసేపట్నుంచి?"

"ముప్పావుగంట," అన్నాడు. "వస్తున్నామని చెప్పాను, క్లెల్‌గాడు వాళ్లింటి గేటు దగ్గర నిలబడి ఉంటాడు. వెళ్లాలి. ఏం చెయ్యమంటావు?"

"ఇంకో నాలుగు చుట్లు తిరుగు," అన్నాను.